పసివాళ్ళ కడుపులో గడ్డ



పసిబిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, నలుగు పెట్టి నీళ్ళు పోయడం మన ఇళ్ళల్లో ఒక విద్య. ఆ పని చేసే చేతికి తెలియని సంగతి వుండదు. ఒళ్ళు వెచ్చబడినా, ఎక్కడైనా దద్దురు లేచినా, నాలుగు రోజుల్లో తొడల కండ తగ్గినా డాక్టరుగారి కంటె ముందు ఆ చేతికే తెలుస్తుంది. ఈ రోజు నేను మీతో మాట్లాడదలచిన జబ్బు కూడా చాలాసార్లు అలా నీళ్ళు పోసేటప్పుడు చేతికి తగిలే జబ్బే. చిన్నపిల్లలకు లివరులో వచ్చే కేన్సరు. మాట వినగానే రేడియో కట్టేసి లేచిపోకండి. పిల్లల కేన్సర్లలో వైద్యానికి బాగా లొంగేవాటిలో ఇది ఒకటి. లొంగుతుందని తెలియకనో, వైద్యం సగంలో వదిలేసో బిడ్డల్ని పోగొట్టుకునేవాళ్ళు ఇంకా వున్నారు. అందుకే ఈ విషయం ఎత్తుకొన్నాను.

ఇది అరుదైన జబ్బు అన్న మాట ముందే చెప్పాలి. పది లక్షల మంది పిల్లల్లో ఏడాదికి ఒకరికో ఇద్దరికో వస్తుంది. అంచేత ఈ ప్రసంగం విని, మీ బిడ్డ బొజ్జ చూసి రాత్రి నిద్ర మానుకోవలసిన పని లేదు. పాలు తాగే బిడ్డకు బొజ్జ వుండటం అందమే కానీ జబ్బు కాదు. డాక్టర్లు దీన్ని హెపటోబ్లాస్టోమా అంటారు. ఎక్కువగా మూడేళ్ళ లోపు పిల్లల్లో కనబడుతుంది. తల్లి కడుపులో వుండగా లివరును తయారుచేసే లేత కణాలు కొన్ని, బిడ్డ పుట్టాక కూడా స్థిమితపడకుండా పెరుగుతూ పోతే ఈ గడ్డ ఏర్పడుతుంది. నెలలు నిండకుండా, మరీ కిలోన్నర లోపు బరువుతో పుట్టిన బిడ్డలకు కొంచెం ఎక్కువగా వస్తుందని గమనించారు. పుట్టుకతోనే నాలుక పెద్దదిగా, ఒంట్లో ఒక పక్క రెండో పక్క కంటె ఎదిగి వుండే బెక్‌విత్ వీడెమన్ అనే లక్షణం వున్న పిల్లలకూ అంతే. అటువంటి బిడ్డలకు జబ్బు లేకపోయినా కొన్ని నెలలకొకసారి స్కానింగు, రక్త పరీక్ష చేయిస్తూ వుండాలంటారు. మిగిలిన చాలామందిలో కారణం ఫలానా అని చెప్పడానికి వీల్లేదు. తల్లి గ్రహణం నాడు కూర తరిగినందువల్ల కాదు, బొప్పాయి తిన్నందువల్ల కాదు, ఆమె పాలు పడక కాదు. ఇది కొంచెం గట్టిగానే చెబుతున్నాను. మన ఇళ్ళల్లో బిడ్డకు ఏమొచ్చినా మొట్టమొదటి విచారణ తల్లి మీదే కదా జరిగేది.

మా అమ్మల కాలంలో పసిపిల్లలకు ‘లివరు’ వచ్చిందంటే అది వేరే జబ్బు. ఏడాది, రెండేళ్ళ పిల్లలకు పొట్ట గట్టిపడి, కామెర్లు వచ్చి, ఒళ్ళు నీరు పట్టి పోయేవారు. దాన్ని భారతీయ బాలల సిరోసిస్ అన్నారు. మద్రాసు నుంచి వచ్చే జమ్మివారి లివర్ క్యూర్ సీసా లేని తెలుగు ఇల్లు వుండేది కాదంటే ఆ భయమే కారణం. 1980లలో పూనా డాక్టర్లు శ్రద్ధగా పరిశీలించి, చాలామంది పిల్లల్లో ఆ జబ్బుకు మూలం రాగి అని తేల్చారు. కళాయి పోయిన ఇత్తడి, రాగి గిన్నెల్లో కాచి నిలవ వుంచిన పాలలోకి రాగి దిగి, పసిబిడ్డ లివరులో పేరుకుపోయేది. స్టీలు గిన్నెలు వచ్చాక ఆ జబ్బు దాదాపు కనుమరుగైంది. ఇప్పుడు మళ్ళీ ఆరోగ్యం పేరుతో ఇత్తడి గిన్నెలు ఇళ్ళల్లోకి వస్తున్నాయి. తెచ్చుకోండి, కాని పసిపిల్లల పాలు మాత్రం వాటిలో కాచి వుంచవద్దు.

ఆ పాత జబ్బు సంగతి ఎందుకు చెప్పానంటే, పెద్దవాళ్ళకు ‘పిల్లవాడికి లివరు పెరిగింది’ అనగానే అదే గుర్తొచ్చి, టానిక్కు పడితే తగ్గుతుందనుకుంటారు. గడ్డ ఏ టానిక్కుకూ కరగదు.

గడ్డ ఎలా వుంటుందంటే, కుడి డొక్క కింద, కొందరికి పొట్ట మధ్య దాకా, నొప్పి లేకుండా గట్టిగా తగులుతుంది. మొదట్లో బిడ్డ ఆడుకుంటూనే వుంటాడు. తరువాత ఆకలి మందగించడం, వాంతులు, బరువు పెరగకపోవడం, పొట్ట వుబ్బి చర్మం మీద నీలం నరాలు తేలడం మొదలవుతాయి. కామెర్లు మాత్రం చాలామందికి రావు. కామెర్లు లేవు గనుక లివరు జబ్బు కాదని ధైర్యపడకూడదు. ఇంకొకటి, గట్టిగా ఏదైనా తగిలిందనుకున్నాక ఆ పొట్టను పదే పదే నొక్కడం, నూనె పోసి తోమించడం, వాతలు పెట్టించడం పనికిరాదు. లోపల గడ్డ చిట్లితే రక్తం పోయి ప్రాణం మీదికి వస్తుంది.

మాది ధరణికోట. అమరావతిని ఆనుకుని కృష్ణ ఒడ్డున వుంది, శాతవాహనుల నాటి ధాన్యకటకం. 2022లో జిల్లాలు విడదీసినప్పటి నుంచి మేము పల్నాడు జిల్లా వాళ్ళం, అయినా పెద్ద వైద్యం కావాలంటే ఇప్పటికీ గుంటూరు బస్సే ఎక్కుతాం. మా వీధిలో ఒక ఇంట్లో పధ్నాలుగు నెలల పిల్లవాడికి ఈ జబ్బు వచ్చింది. పేర్లు చెప్పను. నాయనమ్మ నీళ్ళు పోస్తూ “డొక్క కింద రాయిలాగా తగులుతోందే” అన్నది. వూళ్ళో మందులిచ్చే ఒకాయన నులిపురుగులన్నాడు, మరో నెలకు గ్యాసన్నాడు. చుట్టమొకావిడ వాతలు పెట్టిద్దామంది. రెండు నెలలు అలా గడిచాక, టీకాల రోజున నర్సమ్మ పొట్ట తాకి చూసి “రేపే స్కానింగు తీయించండి, ఎల్లుండి దాకా ఆగొద్దు” అని చీటీ రాసిచ్చింది. ఆ చీటీయే ఆ పిల్లవాణ్ణి బతికించింది.

స్కానింగులో గడ్డ కనబడ్డాక ఒక రక్త పరీక్ష చేస్తారు. ఆల్ఫా ఫీటో ప్రోటీను అని దాని పేరు. పుట్టిన బిడ్డ రక్తంలో ఇది సహజంగానే వేలల్లో వుండి, ఏడాది వచ్చేసరికి పెద్దవాళ్ళలాగా పది లోపుకు దిగిపోతుంది. ఈ గడ్డ వున్న పిల్లల్లో నూటికి తొంభై మందికి అది విపరీతంగా, ఒక్కొక్కసారి లక్షల్లో వుంటుంది. వైద్యం జరుగుతుంటే దిగుతుంది, జబ్బు తిరగబెడితే మళ్ళీ ఎక్కుతుంది. అంచేత ఈ అంకె ఆ తల్లులకు బాగా పరిచయమైపోతుంది. మన వాళ్ళు బియ్యం ధర చెప్పినట్టు చెబుతారు. ఆ తరువాత పొట్టకూ, ఛాతీకీ సీటీ స్కాను తీస్తారు. ఛాతీకి ఎందుకని అడుగుతారు చాలామంది. ఈ జబ్బు పాకితే ముందుగా వూపిరితిత్తుల్లోకే పాకుతుంది. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ముక్క తీస్తే కేన్సరు పాకిపోతుందని వద్దనేవాళ్ళు వున్నారు. పిల్లల కేన్సరు డాక్టరు చేతిలో, సరైన చోట తీస్తే అంత భయం అక్కర్లేదు. ఏ రకమో తెలియకుండా మందు మొదలుపెట్టడమే ప్రమాదం.

లివరును నాలుగు వాటాలుగా అనుకుని, గడ్డ ఎన్ని వాటాల్లోకి వెళ్ళింది, ఎన్ని వాటాలు శుభ్రంగా మిగిలాయి అని లెక్క వేస్తారు. వైద్యం యావత్తూ ఆ లెక్క మీద నడుస్తుంది.

1970లలో ఈ జబ్బుకు కత్తి ఒక్కటే మందు. గడ్డను పూర్తిగా కోసి తీయడానికి వీలైన పిల్లలు కొందరే, అందులోనూ చాలామందికి తిరగబెట్టేది. మొత్తం మీద ముగ్గురిలో ఒకరు బతికేవారు. ఆ లెక్క మార్చింది సిస్‌ప్లాటిన్ అనే మందు. అందులో వున్నది ప్లాటినం, మన నగల దుకాణాల్లో వుంగరాలు చేసే ప్లాటినమే. 1965లో అమెరికాలో బార్నెట్ రోజెన్‌బర్గ్ అనే శాస్త్రవేత్త, కరెంటు పారించితే సూక్ష్మజీవులు ఏమవుతాయో చూద్దామని ప్లాటినం కడ్డీలు పెట్టి ప్రయోగం చేశాడు. సూక్ష్మజీవులు చావలేదు, కాని రెండుగా చీలడం మానేసి దారాల్లాగా సాగిపోయాయి. కరెంటు కాదు, కడ్డీల్లోంచి దిగిన ప్లాటినమే ఆ పని చేసిందని తరువాత తెలిసింది. చీలడం ఆపగలిగితే కేన్సరు కణాన్నీ ఆపవచ్చునన్నారు. 1978లో అక్కడ మందుగా అనుమతి వచ్చింది.

పిల్లల కేన్సరుకు మందులిచ్చి చూడవచ్చునన్న ధైర్యం మాత్రం అంతకు ముప్పై ఏళ్ళ ముందే వచ్చింది, దానిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి చెయ్యి వుంది. ఆయన ఆధ్వర్యంలో తయారైన అమినాప్టెరిన్ మందునే బోస్టనులో సిడ్నీ ఫార్బర్ రక్త కేన్సరు పిల్లలకిచ్చి, కొందరికి కొన్నాళ్ళు జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. ఆ యేడే సుబ్బారావుగారు పోయారు. ఆ మందు లివరు గడ్డకు కాదనుకోండి. అయినా ఈ కథ అక్కడి నుంచే చెప్పాలని నాకనిపిస్తుంది.

ఇప్పుడు ఎక్కువ వాడుకలో వున్న పద్ధతి ఏమంటే, ముందు మందుతో గడ్డను కుదించి, ఆ తరువాత కోయడం. ముదరని గడ్డకైతే రెండు వారాలకొకసారి చొప్పున నాలుగు విడతలు సిస్‌ప్లాటిన్, ఆపరేషను, మళ్ళీ రెండు విడతలు. అటువంటి పిల్లలకు రెండు మందులు కలిపి ఇచ్చినా, ఇదొక్కటే ఇచ్చినా ఫలితం ఒకటేనని యూరపు డాక్టర్లు 2009లో చూపించారు. ఇలా తొందరగా పట్టుబడ్డ పిల్లల్లో పదిమందిలో తొమ్మండుగురు బతుకుతున్నారు. వూపిరితిత్తులకు పాకిన, లివరంతా ఆక్రమించిన పిల్లలకు మందులు ఎక్కువ, విడతలు దగ్గర దగ్గర. అటువంటి ప్రమాదకర స్థితిలో వున్న పిల్లలకు గట్టి వైద్యం చేసి 2013లో ప్రకటించిన ఫలితాల్లో మూడేళ్ళ తరువాత నూటికి ఎనభై మందికి పైగా బతికే వున్నారు. వూపిరితిత్తుల్లో మచ్చలున్నాయనగానే ‘ఇంక ఇంటికి తీసుకుపోదాం’ అనుకునేవాళ్ళు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

మా వీధి పిల్లవాడి విషయంలో అసలు గండం ఆస్పత్రిలో రాలేదు, ఇంట్లో వచ్చింది. రెండు విడతలు అయ్యేసరికి పొట్ట మెత్తబడింది. లక్షల్లో వున్న అంకె వేలల్లోకి దిగింది. పిల్లవాడు పప్పన్నం తిని నవ్వుతున్నాడు. అప్పుడు పెద్దవాళ్ళు కూర్చుని, “తగ్గింది కదా, పసివాణ్ణి ఇంకా కోయించడం ఎందుకు? మిరపకోతల రోజులు, ఆస్పత్రిలో ఎవరుంటారు? మిగిలినదానికి చెట్ల మందు వాడదాం” అన్నారు. చెడ్డవాళ్ళు కారు. పిల్లవాడి నెత్తి మీద జుట్టు రాలిపోవడం చూడలేకనే అన్నారు. కాని ఈ జబ్బులో మందు గడ్డను కుదిస్తుందే తప్ప పూర్తిగా తీసెయ్యదు. కోసి తీసినప్పుడే నయమయ్యేది. ఆగితే కొద్ది నెలల్లోనే మళ్ళీ పెరుగుతుంది, ఈసారి అదే మందుకు లొంగకపోవచ్చు కూడా. ఆ తల్లి పదో తరగతి కూడా చదవలేదు. “డాక్టరమ్మ మొత్తం ఆరు విడతలంది, ఆరయ్యాకే నేను వూరొచ్చేది” అని బిడ్డను చంకనేసుకుని బస్సెక్కింది. మామగారు రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజున ఆయనే క్యారియరు పట్టుకుని ఆస్పత్రికి వెళ్ళాడు.

ఆపరేషనులో లివరు సగానికి పైగా తీసేశారంటే మనకు గుండె ఆగినంత పనవుతుంది. మిగిలింది ఆరోగ్యంగా వుంటే ముప్పాతిక భాగం తీసినా లివరు కొద్ది వారాల్లో, నెలల్లో మళ్ళీ పెరుగుతుంది. ఒంట్లో ఇలా పెరిగి పూడగల పెద్ద అవయవం అదొక్కటే. నాలుగు వాటాల్లోనూ గడ్డ వుంటే మొత్తం తీసి, తల్లిదో తండ్రిదో లివరులో ఎడమ పక్క ముక్క తెచ్చి పెడతారు. ఇచ్చినవాళ్ళకూ మళ్ళీ పెరుగుతుంది. 1967లో అమెరికాలో థామస్ స్టార్జల్ లివరు మార్చి పెడితే, అలా ఏడాదికి పైగా బతికిన మొట్టమొదటి మనిషి లివరు కేన్సరున్న ఏడాదిన్నర పాపే. పాపం, ఆ కేన్సరే తిరగబెట్టి పోయింది. అప్పటికి సిస్‌ప్లాటిన్ లేదు. మన దేశంలో 1998లో ఢిల్లీలో తండ్రి లివరు ముక్క పెట్టగా బతికిన పసివాడు, అతనిది కేన్సరు కాదు వేరే లివరు జబ్బు, పెరిగి పెద్దవాడై డాక్టరే అయ్యాడు. ఇప్పుడు మందులూ మార్పిడీ కలిపి చేస్తే ఇలాంటి పిల్లల్లో అయిదుగురిలో నలుగురి దాకా బతుకుతున్నారు. కాకపోతే జీవితాంతం మందులు మింగాలి.

మందు విడతల మధ్య బిడ్డ ఇంట్లో వుండే రోజులు తల్లికి పరీక్ష. ఒంట్లో తెల్లకణాలు పడిపోయి వుంటాయి. జ్వరం నూటికి పైన నాలుగు పాయింట్లు చూపించిందంటే అర్ధరాత్రయినా ఆస్పత్రికి పరుగెత్తాలి. ఇంటి దగ్గర సూది వేయించి తెల్లారేదాకా చూద్దామనుకుంటే మించిపోతుంది. నీళ్ళు కాచి చల్లార్చి ఇవ్వాలి, అప్పుడే వండినది పెట్టాలి, పొడిచిన కొబ్బరిబొండం, బజారు పళ్ళ ముక్కలు వద్దు. అంతకు మించి కఠిన పథ్యాలేమీ లేవు. నెయ్యి మానిపించి, పప్పు మానిపించి, చారన్నంతో బిడ్డను ఎండగట్టవద్దు. గుడ్డు తినేవాళ్ళు బాగా వుడికించి పెట్టవచ్చు. పోలియో చుక్కలు, ఇతర టీకాలు డాక్టరు నడిగే వేయించాలి.

సిస్‌ప్లాటిన్‌తో చెవులకు ముప్పుంది. సన్నని శబ్దాలు, పక్షి కూత, స, శ, ఫ లాంటి అక్షరాలు ముందు వినబడకుండా పోతాయి. మాటలు నేర్చుకునే వయసు గనుక బిడ్డ మాట కూడా వెనకబడుతుంది. మందు మొదలుపెట్టే ముందు, మధ్యలో, తరువాత వినికిడి పరీక్ష చేయించమని అడగండి. సిస్‌ప్లాటిన్ ఇచ్చిన ఆరు గంటలకు సోడియం థయోసల్ఫేట్ అనే మందు ఎక్కిస్తే ఈ చెవుడు బాగా తగ్గుతుందని 2018లో తేలింది. నూటికి అరవైముగ్గురికి రావలసింది ముప్పైముగ్గురికే వచ్చింది. జబ్బు బయటికి పాకని పిల్లలకే ఇది. పాతకాలం ఫోటో స్టూడియోల్లో ‘హైపో’ అనేవారే, రసాయనం అదే, ఆస్పత్రికి శుద్ధి చేసి తయారుచేస్తారు. మా వీధి పిల్లవాడిప్పుడు రెండో తరగతి. చెవికి చిన్న మిషను వుంది, పంతులమ్మ ముందు బల్ల మీద కూర్చోబెడుతుంది. పొట్ట మీద అడ్డంగా మచ్చ చూపించి పులి గీకిందని తోటి పిల్లలకు చెబుతుంటాడు.

పదేళ్ళు దాటిన పిల్లలకు వచ్చే లివరు కేన్సరు సాధారణంగా వేరే రకం, పెద్దవాళ్ళకు వచ్చేదే. అది మందులకు ఇంతగా లొంగదు. కాని దానికి మూలమైన హెపటైటిస్ బి అనే కామెర్ల వైరస్‌ను ఆపే టీకా వుంది. తల్లి రక్తంలో వున్న వైరస్ కాన్పులో బిడ్డకు అంటితే, అటువంటి పదిమంది బిడ్డల్లో తొమ్మండుగురికి అది జీవితాంతం నిలిచిపోతుంది. తైవాన్ దేశం 1984లో బిడ్డలకు ఈ టీకా మొదలుపెట్టింది. పదేళ్ళకల్లా అక్కడి బడి పిల్లల్లో లివరు కేన్సరు సగానికి పడిపోయింది. మన దగ్గర విదేశీ టీకా వందల రూపాయలుండే రోజుల్లో, నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాదరెడ్డిగారు హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో శాన్‌వాక్ బి టీకాను సామాన్యుడికి అందే ధరకు తెచ్చారు. 2007-08లో మన రాష్ట్రంలోనూ, 2011 నాటికి దేశమంతటా ఈ టీకా ప్రభుత్వ కార్యక్రమంలోకి వచ్చింది. ఇప్పుడు వుచితం. మొదటి మోతాదు పుట్టిన ఇరవైనాలుగు గంటల్లో పడాలి. మీ ఇంట్లో కాన్పయితే, పురుడు పోసుకున్న గదిలోంచి రాకముందే “బిడ్డకు హెపటైటిస్ సూది వేశారా?” అని అడిగి కార్డు మీద రాయించుకోండి. మంచిరోజు చూసి వేయిద్దామని ఆపవద్దు.

డబ్బు సంగతి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇప్పుడు మన రాష్ట్రంలో ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేరుతో నడుస్తోంది. కేన్సరు వైద్యం అందులో వుంది. గుంటూరు పెద్దాస్పత్రిలో నాట్కో వారు కట్టించిన కేన్సరు విభాగం వుంది, హైదరాబాదులో ఎం.ఎన్.జె., బసవతారకం, విశాఖలో టాటావారి హోమీ భాభా ఆస్పత్రి వున్నాయి. ఎక్కడికి వెళ్ళినా పిల్లల కేన్సరు డాక్టరూ, పిల్లల లివరు ఆపరేషను చేసే సర్జనూ కలిసి చూస్తారా అని అడిగి చేర్చండి. లివరు మార్పిడి ఖర్చు వేరు, దానికి ముఖ్యమంత్రి సహాయనిధికీ, దాతృ సంస్థలకూ దరఖాస్తు పెట్టుకోవడం ఆస్పత్రిలోని సాంఘిక కార్యకర్త చేయిస్తారు. మొహమాటపడకుండా మొదటి రోజే వారిని కలవండి.

చాలామంది తల్లులు చివరకు చెవిలో అడిగే ప్రశ్న ఒకటుంది. తరువాతి బిడ్డకు కూడా వస్తుందా అని. నూటికి తొంభై పైన కుటుంబాల్లో రాదు. పెద్దపేగులో వందలకొద్దీ పిలకలు వేసే జబ్బు తండ్రి వైపో తల్లి వైపో వంశంలో వుంటే మాత్రం డాక్టరుతో చెప్పాలి, ఆ ఇళ్ళల్లో ఈ గడ్డ కొంచెం ఎక్కువ. మా వీధి అమ్మాయికి కిందటేడు ఆడపిల్ల పుట్టింది. నాయనమ్మే నీళ్ళు పోస్తోంది.